కాశమ్మ ఎవరి పేషెంటు?

కాశమ్మ చావలేదు.

పోయిన వారం ఆమె చేతులు చల్లబడి, రవికె తడిసేంత చెమట పట్టి, మాట తడబడిన దగ్గర మనం ఆగాం. డాక్టర్ అరుణజ్యోతి పరుగున వచ్చి వేలు గుచ్చి చూస్తే షుగర్ అడుగంటి ఉంది. ఇంకా మింగే తెలివి ఉండగానే డాక్టరు చదివే జీవిత గ్లూకోజు పొడి నీళ్ళలో కలిపి గుటక గుటకగా తాగించింది. కాశమ్మ చేతి నరంలోకి డాక్టరు గ్లూకోజు ఎక్కించింది. కాసేపటికి కాశమ్మ కళ్ళు నిలిపి చూసి, నాలుక చప్పరించి, "నోట్లె తియ్యగున్నదేంది? ఏం పోసిండ్రు?" అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు. ఆమె మాట్లాడిందన్న సంతోషంలో ఏం మాట్లాడిందో ఎవరి చెవికీ ఎక్కలేదు.

నారాయణఖేడ్ చిగురు ట్రస్టు దవాఖానలో ఈ ఏడు కొత్త పద్ధతి ఒకటి పెట్టారు. కాలేజీ నుంచి వచ్చే మెడికోలు, నర్సింగ్ పిల్లలు, ఫిజియోథెరపీ పిల్లలు ఒకే గదిలో కూర్చుని నేర్చుకోవాలి. ముగ్గురు ముగ్గురు జట్టుగా ఒకే మంచం దగ్గర నిలబడాలి. కాలేజీతో కొట్లాడి ఈ పద్ధతి తెచ్చింది అరుణజ్యోతి. కాలికి పుండు పడి వచ్చిన కాశమ్మ మంచానికి మెడికో జీవిత, నర్సింగ్ చదివే లిల్లీ, ఫిజియోథెరపీ వీరేశ్ ఒక జట్టు. జీవితా, లిల్లీ అక్కచెల్లెళ్ళ బిడ్డలు. నాగల్‌గిద్దలో ఒకే ఇంట్లో పెరిగారు. ఆ సంగతి మనకు తెలుసు. దవాఖానలో ఎవరికీ తెలియదు. తెలియకుండా చూసుకున్నది జీవిత.

కాశమ్మ తేరుకున్నాక అరుణజ్యోతి ఒకటే మాట చెప్పింది. "పొద్దున వేసిన ఇన్సులిన్ సాయంత్రం దాకా ఒంట్ల పనిచేస్తనే ఉంటది. మళ్ళ పడిపోవచ్చు. అన్నం తినిపియ్యాలె, కనిపెట్టుకుని ఉండాలె." అందరూ తల ఊపారు. తర్వాత ఆమె గొంతు మారింది. "ఇగ అందరు క్లాసు గదికి రండ్రి. అందరంటే అందరు."

క్లాసు గది మందుల స్టోరు పక్కన ఉంది. మొదటి రోజు అరుణజ్యోతి ఒక మెడికో, ఒక నర్సింగ్ పిల్ల, మళ్ళీ ఒక మెడికో, ఇట్లా కలిపి కూర్చోబెట్టింది. మరునాటికే ఒక కుర్చీ జరిగింది. ఇంకో రెండు రోజులకు మెడికోలందరూ ఫ్యాను కిందికి, నర్సింగ్ పిల్లలందరూ కిటికీ కింది బల్ల మీదికి చేరారు. చాటలో చెరిగితే కందులు ఒక దిక్కు, పొట్టు ఒక దిక్కు పోయినట్టు. ఎవరు కందులో, ఎవరు పొట్టో ఎవరి లెక్క వాళ్ళకుంది. వీరేశ్ ఒక్కడే తలుపు దగ్గర నిలబడేవాడు. అతనికి ఏ వైపు కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు.

"టిఫిన్ వచ్చిందా అని అమృతమ్మ సిస్టర్ అడిగింది. వచ్చింది అని కాశమ్మ చెప్పింది. సిస్టర్ సూది వేసింది," అన్నది అరుణజ్యోతి. "వచ్చిన టిఫిన్ పక్క మంచం హన్మమ్మ తిన్నది. ఎందుకు? కాశమ్మకు ఇయ్యాల ఒక్కపొద్దు. బోరంచ నల్లపోచమ్మకు మొక్కుకున్నదట. కాలు మానేదాక మంగళారం మంగళారం పొద్దంత ఏం తినదు. మాపటికి దీపం పెట్టినంక ఒక్కసారి తింటది. ఇది ఈ గదిల ఎవరికి తెలుసు?"

ఫ్యాను కిందా కిటికీ కిందా తలలన్నీ ఒకే తీరుగా వంగాయి.

"మంచం దగ్గర ముగ్గురు కలిసి నిలబడుండ్రి అన్న. ఒక్కసారన్న నిలబడ్డరా?"

దుర్గేశ్ లేచాడు. కల్హేర్‌లో వాళ్ళ నాన్నకు ఎరువుల దుకాణం. మెడికోల్లో మాటకు ముందుండేది అతనే. "లేదు మేడం. పొద్దున మేము, మధ్యాహ్నం నర్సింగ్ వాళ్ళు అని పంచుకున్నం. అందరు ఒకటే మంచం చుట్టు నిలబడితే తిరునాళ్ళ లెక్క ఉంటది. టైం వేస్టు."

"పంచుకున్నరా? ఎవరినడిగి?"

"అడుగుడేంది మేడం? మేము ఐదున్నరేండ్లు చదువుతం. రేపు ఏదన్న అయితే పేషెంటు వాళ్ళు అంగీ పట్టుకునేది మాదే. కేసు అయితే మా మీదనే. గప్పుడు వీళ్ళు పక్కన నిలబడతరా?"

"ఇప్పుడు నిలబడనియ్యవు. గప్పుడు వస్తరా అని అడుగుతవు."

మెడికోలు నవ్వు ఆపుకున్నారు. దుర్గేశ్ ముఖం ఎర్రబడింది. కిటికీ కింద నుంచి రోజ అనే నర్సింగ్ పిల్ల అందుకుంది. "మమ్మల్ని నిలబడమంటే గదా మేడం. 'బీపీ చూసి పో' అంటరు. చూసి పోతున్నం. ఒకనాడు నేను పేషెంటు గురించి ఏదో చెప్పబోతే, 'నువ్వు డాక్టరు సీటుకు మారినవా?' అన్నరు."

"జోక్ చేసిన," అన్నాడు దుర్గేశ్.

"నాకు నవ్వు రాలే."

"చాలు," అన్నది అరుణజ్యోతి. ఆమె కుర్చీలో కూర్చోబోయి కూర్చోలేదు. "నా సంగతి వినుండ్రి. ఈ క్లాసు కోసం నేను తిరగని ఆఫీసు లేదు. 'డాక్టర్లను నర్సుల పక్కన కూసోబెడితే డాక్టర్లు ఒప్పుకోరమ్మా' అన్నరు. చదువుకునే పిల్లలు, ఒప్పుకుంటరు అని చెప్పిన. మీ పెద్దలకన్న మీకు బుద్ధి ఉంటదనుకున్న. వాళ్ళు యాభై ఏండ్లకు నేర్చుకున్న గర్వం మీరు ఇరవై ఏండ్లకే నేర్చుకొని వచ్చిండ్రు!"

ఒకసారి గోడ దిక్కు తిరిగింది. తిరిగినప్పుడు గొంతు తగ్గించింది. అది అరుపు కన్నా ఎక్కువ భయపెట్టింది.

"హన్మమ్మ ఇంకో మాట చెప్పింది. 'నా మొక్కు సంగతి నర్సు పిల్లకు చెప్పిన' అని నిన్న కాశమ్మ అన్నదట. ఏ నర్సు పిల్ల?"

కిటికీ కింద బల్ల మీద పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లిల్లీ ఒక్కతే ఎవరినీ చూడలేదు. తన చేతి గోళ్ళు చూసుకుంటున్నది. ఆ చూపు జీవితకు చిన్నప్పటి నుంచీ తెలుసు. చక్కెర డబ్బా ఎవరు ఖాళీ చేశారని అడిగితే లిల్లీ గోళ్ళే చూసుకునేది.

"చూసిండ్రా మేడం," అన్నాడు దుర్గేశ్. "వాళ్ళకు తెల్సు. చెప్పలే. తప్పు ఏమో మాకు."

అరుణజ్యోతి ఫోను మోగింది. నంబరు చూసి, "ప్రిన్సిపాల్ సార్," అని ఎవరికో చెప్పినట్టు తనకే చెప్పుకుని బయటికి పోయింది.

జీవిత లేచి వరండాలోకి నడిచింది. మంచినీళ్ళ ఫిల్టరు దగ్గర లిల్లీ అప్పటికే నిలబడి ఉంది. గ్లాసు నిండి పొర్లుతున్నా నల్లా కట్టలేదు. జీవిత చెయ్యి చాపి కట్టింది.

"నీకేనా చెప్పింది?"

"ఏందమ్మా, ఇయ్యాల నాతోని మాట్లాడుతున్నవ్? ఎవరన్న చూస్తరు."

"అక్కా, లొల్లి వద్దు. చెప్పు."

"ఇప్పుడు అక్కనా? లోపలైతే 'ఓ' అని పిలుస్తవు."

"కాశమ్మ పానం పోయేది తెల్సా నీకు?"

"తెల్వదా నాకు? నేను చదివేది కుట్టుపనా?" లిల్లీ గ్లాసు ఎత్తింది. నీళ్ళు తాగింది. గ్లాసు దించి మళ్ళీ మొదలు పెట్టింది. "నిన్న మధ్యాహ్నం పోయి 'అవ్వా, ఊట ఆయ్తా?' అని అడిగిన. కన్నడం వినంగనే ముసలామె ముఖం విచ్చుకుంది. 'ఇయ్యాల తిన్న బిడ్డా, రేపు మంగళారం తినను' అని మొత్తం చెప్పింది. డాక్టరమ్మకు చెప్పకు, తిడుతది అన్నది. ఆ డాక్టరమ్మ నువ్వే. నీకూ కన్నడం వస్తదని ఆమెకు తెల్వదు. కాయిదం చూసుకుంట అడిగితివట, 'ఆహార నియమాలు పాటిస్తున్నారా' అని. అదేందో తెల్వక అవునన్నదట."

జీవిత తల దించుకుంది.

"నేను చెప్పొద్దని ఊకోలే. నువ్వు నా చెల్లెవు, నీకు చెప్తే ఆమెను తిట్టకుండనే మందు మార్పిస్తవు అనుకున్న. సాయంత్రం గేటు బయట చాయ్ డబ్బా దగ్గరికి వచ్చిన. మీరందరు నిలబడ్డరు. దుర్గేశ్ అడిగిండు, 'గా లిల్లీ మీ మండలమేనట గదా, నీకు తెల్సా?' అని. యాదికుందా ఏమన్నవో?"

యాదికి లేకపోవడమేమిటి. 'మా మండలంల ఎంత మంది నర్సులో, అందరు నాకెట్ల తెలుస్తరు?' అన్నది. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. వెనక ఎవరో నిలబడి వెళ్ళిపోయినట్టు అనిపించింది. తిరిగి చూడలేదు.

"నేను వెనక్కి మర్లిన," అన్నది లిల్లీ. "పొద్దున చెప్తలే అనుకున్న. పొద్దున నువ్వు తెల్లకోటేసుకుని నా ముందు నుంచే పోయినవ్. ఆగలే. మళ్ళ కోపమొచ్చింది. అయితే కానియ్ అనుకున్న. నా కోపం నీ మీద. పడ్డది ఆ ముసలామె మీద."

"నీకేం తెల్సు నా పరేషాన్?" జీవిత గొంతు తగ్గించి కసిరింది. "వాళ్ళ నడుమ నిలబడనీకి నేనేం పడుతున్ననో నీకు తెల్వదు. ఏ మాట అంటే మన ఊరి మాట బయటపడుతదో అని నోరు కట్టుకుంటున్న. మా అక్క నర్సింగ్ అని తెలిసిందనుకో, నేను పేషెంటుకు పక్క సర్దినా 'మీ ఇంటి పనే గదా' అంటరు. ఆళ్ళ నాయనలు డాక్టర్లు, దుకాణదార్లు. నేను ఒక్క మెట్టు జారితే కిందికే పోత."

"కింద ఎవరున్నరే?" అన్నది లిల్లీ. "నేనే గదా ఉన్న."

కట్టిన నల్లానే జీవిత మళ్ళీ ఒకసారి గట్టిగా తిప్పింది.

నాగల్‌గిద్ద ఇంట్లో పొయ్యి ఉన్న గోడ మీద బొగ్గుతో గీసిన గుండె బొమ్మ ఒకటి ఉంది. లిల్లీ గీసింది. నాలుగు గదులు, రక్తం పోయే దారి, వచ్చే దారి. ఇద్దరూ ఒకే పరీక్షకు చదివారు. తనకు రాని పాఠం అక్క చెప్పేది. సీటు మాత్రం తనకు వచ్చింది, అక్కకు రాలేదు. క్రిస్మస్‌కు సున్నం వేసేటప్పుడు పెద్దమ్మ ఆ బొమ్మ ఉన్న చోటు ఇప్పటికీ వదిలేస్తుంది.

"మేడం వస్తున్నరు," అని వీరేశ్ తలుపు దగ్గర నుంచి పిలిచాడు. ఇద్దరినీ చూసి, "కొట్లాడుకుంటున్నరా? మంచిదే. నన్నైతే తిట్టేటోళ్ళు గూడ లేరు. నేనొకణ్ణి జట్టుల ఉన్నట్టే ఎవరికీ యాదికి లేదు," అన్నాడు.

అరుణజ్యోతి నిలబడే చెప్పింది. "కలిసి చదువుడు బంద్ చెయ్యమన్నరు. రేపటి నుంచి ఎవరి క్లాసు వాళ్ళది. ఇంకోటి. తెలిసి చెప్పని నర్సింగ్ పిల్ల ఎవరో పేరు ఇయ్యమన్నరు. ఇయ్యాలనే ఇంటికి పంపిస్తరట. ఈ ఏడు పరీక్ష రాయనియ్యరు."

లిల్లీ గోళ్ళు చూసుకోవడం మానేసింది. నేరుగా ఎదుటి గోడను చూస్తున్నది.

దుర్గేశ్ పక్కకు వంగి జీవిత చెవిలో అన్నాడు. "నీ పేషెంటు గదా. లేచి చెప్పు, నర్సింగ్ వాళ్ళు మాకు ఏం చెప్పలేదని. గంతే. అబద్ధం గూడ కాదు. మనకు ఏం గాదు."

అబద్ధం కాదన్నది నిజమే. లిల్లీ చెప్పలేదు. ఒక్క వాక్యం నిజం చెప్తే సరిపోతుంది. ఆ వాక్యం జీవిత నాలుక మీదికి వచ్చింది కూడా.

ఆమె లేచింది. "మేడం, లిల్లీ నాకు చెప్పింది. నిన్ననే చెప్పింది. నేనే పట్టించుకోలే."

దుర్గేశ్ తల ఎత్తి చూశాడు. కిటికీ కింద బల్ల కిర్రుమన్నది. లిల్లీ నిలబడింది.

"లేదు మేడం. నేను చెప్పలే. జీవితకు ఏం తెల్వదు."

"చెప్పింది."

"చెప్పలే అంటున్న గదా! నన్ను కాపాడవలసిన పని లేదు నీకు."

అరుణజ్యోతి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అంత కోపంలోనూ ఆమెకు నవ్వు లాంటిది వచ్చి ఆగిపోయింది. "అయ్యో నా కర్మ! ఆఖరికి అబద్ధమన్న కలిసి ఆడుడు చేతనైతలేదా మీకు?"

"అబద్ధం నేనాడిన మేడం," అన్నది జీవిత. "ఆమె చెప్పనీకి వచ్చింది. నేను అప్పుడు, ఈమె ఎవరో నాకు తెల్వదని వీళ్ళకు చెప్తున్న. అది విని మర్లిపోయింది." కిటికీ దిక్కు చెయ్యి చూపింది. "ఆమె మా అక్క. మా పెద్దమ్మ బిడ్డ. ఒకటే ఇంట్ల పెరిగినం."

మెడికోలు లిల్లీ దిక్కు, నర్సింగ్ పిల్లలు జీవిత దిక్కు తిరిగి చూశారు.

"నిన్న తెల్వదంటివి?" అన్నాడు దుర్గేశ్. అతని గొంతులో వెక్కిరింత లేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు.

"అన్న."

"ఎందుకు?"

"నువ్వు నవ్వుతవని."

దుర్గేశ్ ఏదో అనబోయి, అందరూ తన దిక్కే చూస్తున్నారని గమనించి ఊరుకున్నాడు. లిల్లీ కూర్చోలేదు. ఏడవలేదు. చెల్లెలి దిక్కు చూడను కూడా చూడలేదు. ఇంత కాలం నోటికి రాని మాట ఇంత మంది ముందు వచ్చిందని ఆమె కరిగిపోయి ఉంటే జీవితకు హాయిగా ఉండేది. లిల్లీ ఆ హాయి ఇవ్వలేదు.

"అయినా నేను చెప్పాల్సి ఉండె మేడం," అన్నది. "అక్కచెల్లెండ్ల పంచాయితీ మాది. నడుమ కాశమ్మ ఏం జేసింది?"

ఆ పేరు వినగానే అరుణజ్యోతి ముఖం మారింది. గది మొత్తం ఒకసారి చూసింది. ఫ్యాను కింద ఉన్న వాళ్ళను, కిటికీ కింద ఉన్న వాళ్ళను, తలుపు దగ్గర వీరేశ్‌ను.

"కాశమ్మ దగ్గర ఎవరున్నరు?"

మెడికోలు నర్సింగ్ పిల్లలను చూశారు.

"కనిపెట్టుకుని ఉండాలె అంటే నర్సింగ్ వాళ్ళకు చెప్పినరు అనుకున్నం," అన్నాడు దుర్గేశ్.

"అందరు రావాలె, అందరంటే అందరు అన్నరు గదా మేడం," అన్నది రోజ. "మెడికోలు ఎవరన్న ఆగిండ్రేమో అనుకున్నం."

"అమృతమ్మ సిస్టర్?"

"కాన్పు వచ్చిందని లేబర్ రూముకు పోయింది," అన్నాడు వీరేశ్.

అందరూ అంటే అందరూ రావాలని పిలిచింది తనే. ఆ మాట అరుణజ్యోతి పెదవుల మీద కదిలింది కానీ బయటికి రాలేదు. పరుగెత్తింది. వెనక అందరూ పరుగెత్తారు. ఆ క్లాసు మొదలైన నాటి నుంచి మెడికోలూ నర్సింగ్ పిల్లలూ ఒకే దిక్కు కలిసి నడిచింది అప్పుడే.

మంచం ఖాళీగా ఉంది.

దుప్పటి నాలుగు మడతలు వేసి తలగడ మీద పెట్టి ఉంది, చుట్టాల ఇంటి నుంచి పోయేటప్పుడు పెట్టినట్టు. గ్లూకోజు సీసా ఇంకా స్టాండుకు వేలాడుతున్నది. పైపు కొస నుంచి బొట్టు బొట్టుగా నేల మీద పడుతున్నది. మధ్యాహ్నం అన్నం పళ్ళెం మీద ఇంకో పళ్ళెం బోర్లించి ఉంది. లిల్లీ తీసి చూసింది. ఒక్క మెతుకు కదలలేదు.

పక్క మంచం మీద హన్మమ్మ గోడ దిక్కు తిరిగి పడుకుని ఉంది. నిద్ర పోవడం లేదని వీపే చెప్తున్నది.

"హన్మమ్మా, ఏది కాశమ్మ?" అన్నది అరుణజ్యోతి.

"నన్నడుగుతరేంది? డాక్టర్లు మీరా నేనా?" అని, ఎవరూ కదలకపోతే ఇటు తిరిగింది. "ఏడ్చిందమ్మా. మస్తు ఏడ్చింది. 'నోట్లె చక్కెర పోసి నా ఒక్కపొద్దు చెడగొట్టిండ్రు, ఇగ అమ్మకు నా మొఖం ఎట్ల సూపియ్యాలె, నా కాలు ఇగ మానదు' అని. మిమ్మల్ని పిలుద్దామంటే ఎవరున్నరు? ఆ గదిల మీ లొల్లి ఈడ దాక ఇనబడుతుంది."

జీవిత తన చేతులు చూసుకున్నది. గ్లాసు పట్టి తాగించిన చేతులు. నోట్లె తియ్యగున్నదేంది అని కాశమ్మ అడిగింది ఆమెనే. ఒక్క మాట చెప్పి ఉంటే. పక్కన కూర్చుని, అవ్వా, ఇది అన్నం కాదు, మందు అని ఒక్క మాట.

"ఎటు పోయింది?"

"బోరంచ. అమ్మకాడ తప్పు ఒప్పుకుంటదట. గుడిల దీపం పెట్టేదాక నీళ్ళు గూడ ముట్ట అని ఒట్టు పెట్టుకుంది. పైపు నేనే ఇప్పిన." హన్మమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నన్ను తిట్టుండ్రి. పొద్దున ఆమె ఇడ్లీ తిన్నది గూడ నేనే. కానీ అంత ఏడుస్తుంటే ఎట్ల ఊకోవాలె? చేతిల సూది అట్లనే ఉంది. కొంగు కప్పుకొని పోయింది."

"ఆ కాలుతో ఎట్ల పోతది?" అన్నాడు దుర్గేశ్. "నిలబడనీకే రాదు. ఆటో ఎక్కుడు గూడ చేతకాదు."

వీరేశ్ గొంతు సవరించుకున్నాడు. "చేతనైతది."

అందరూ తిరిగి చూశారు.

"నేనే నేర్పిన. కుంటి కాలుతో ఆటో ఎట్ల ఎక్కాలె బిడ్డా అని అడిగింది. ఇంటికి పోయేటప్పటికి పనికొస్తది అనుకున్న. మంచం పక్కన స్టూలు ఏసి ప్రాక్టీసు చేయించిన. మంచిగ ఎక్కింది. శభాష్ అన్న గూడ." అతను స్టూలు దిక్కు చూశాడు. "బోరంచ ఎంత దూరమని అడిగింది. ఊకనే అడిగిందనుకున్న. ఎవరికి చెప్పాలె? నన్ను ఎవరన్న అడిగితే గదా."

అరుణజ్యోతి రిజిస్టరు తెప్పించి కాశమ్మ కొడుకు ఇచ్చి పోయిన నంబరుకు ఫోను చేసింది. తలగడ కింద ఫోను మోగింది. కొడుకు తల్లికి కొనిచ్చిన ఫోను నంబరే అది. కాశమ్మ దాన్ని కూడా వదిలేసి పోయింది.

"మళ్ళ షుగర్ పడితే?" అన్నది రోజ.

"ఆటోల కూసున్న దగ్గరనే పడిపోతది," అన్నది అరుణజ్యోతి. "నిద్రపోతుందనుకుంటరు. లేపరు."

అంబులెన్సుకు ఫోను చేస్తే కాన్పు కేసును తీసుకుని సంగారెడ్డి దారి పట్టిందన్నారు. దుర్గేశ్ మెల్లగా, "పోలీసులకు చెప్దాం మేడం. దవాఖాన బయట అయితే అది మన..." అని ఆగిపోయాడు. మిగతా మాట ఏమిటో అందరికీ తెలుసు. అతనికీ తెలుసు.

జీవిత అతని ముందు చెయ్యి చాపింది. "స్కూటీ తాళం ఇయ్యి."

"నీకు నడపొస్తదా?"

"మా నాయన బండి మీద కంది మూటలు ఏసుకుని చేను గట్టు మీద నడిపిన. మా నాయన కూలికి పోతడు. అది గూడ నీకు చెప్పలే. ఇయ్యి."

దుర్గేశ్ తాళం తీసి ఇచ్చాడు. ఇచ్చి, ఇంకా ఏదో ఇవ్వాలన్నట్టు వెతుక్కుని, "హెల్మెట్ డిక్కీల ఉంది," అన్నాడు. "బ్రేకు కొంచెం లూజు."

ఎండ నెత్తి మీద ఉంది. గేటు దగ్గర జీవిత బండి స్టార్టు చేసి వెనక్కి తిరిగింది. మెట్ల మీద మెడికోలు, నర్సింగ్ పిల్లలు, చాయ్ డబ్బా దగ్గర జనం. అందరూ వినేటట్టే పిలిచింది. "అక్కా, ఎక్కు."

లిల్లీ వచ్చింది. చేతిలో గ్లూకోజు పొట్లం ఉంది. బండి ఎక్కబోయి ఆగింది. పొట్లాన్ని చూసింది, చెల్లెలిని చూసింది. అంత సేపట్లో ఆమె చెల్లెలి ముఖంలోకి సూటిగా చూసింది అదే మొదటిసారి.

"చక్కెర నా చేతిల ఉంది. ఆమె ఒంట్ల సూది మందు ఎంత సేపుంటదో నీకు తెల్సు. ఆమె ఎక్కిన ఆటో దొరికితే దొరుకుతది," అన్నది. "నీళ్ళు గూడ ముట్టనని ఒట్టు పెట్టుకున్నామెను నోరు తెరువుమని ఎట్ల అడుగుదామే? చెడగొట్టింది మనమే గదా."

జీవిత ముందుకు జరిగి చోటిచ్చింది. లిల్లీ ఎక్కి కూర్చుని చెల్లెలి భుజం మీద చెయ్యి వేయకుండా వెనక కమ్మీ పట్టుకుంది. బండి బోరంచ దారి పట్టింది.